పల్లం ఎవరు తవ్వారు?

"తుఫానుకు మనిషి రంగు తెలియదు, బీదా గొప్పా తెలియదు. మరి కత్రినా హరికేన్‌లో పేద నల్లజాతివాళ్ళే ఎక్కువ నష్టపోయారని ఎందుకంటారు? ఇందులో సైన్స్ ఎక్కడుంది?" అని ఒక పాఠకుడు కాస్త చిరాగ్గానే అడిగారు. చిరాకుతో అడిగే ప్రశ్నలంటే నాకు ఇష్టం. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు పెద్దలు. నీటి సంగతి వరకు ఆ మాట అక్షరాలా నిజం. కానీ పల్లం ముందు నుంచీ అక్కడే ఉందన్నట్టు సామెత వదిలేస్తుంది. 2005లో కత్రినా ముంచిన న్యూ ఓర్లీన్స్ నగరంలో (అమెరికాలోని లూసియానా రాష్ట్రం) పల్లం మనుషులు చేసింది. అది ఎలా తయారైందన్నదే నన్ను పట్టుకున్న కథ. అందుకని తుఫాను ఎలా పుడుతుంది, దానికి కన్ను ఎందుకు వస్తుంది వంటివి ఇక్కడ చెప్పను. అవి ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి.

మిసిసిపీ నది పొంగినప్పుడల్లా బరువైన ఇసుక, ఒండ్రు ఒడ్డు దగ్గరే దిగిపోతాయి. సన్నని బంకమన్ను దూరంగా కొట్టుకుపోయి అక్కడ పేరుకుంటుంది. వేల ఏళ్ళు ఇలా సాగితే నది పక్కన నేల ఎత్తుగా, నదికి దూరమయ్యేకొద్దీ పల్లంగా తయారవుతుంది. 1718లో ఫ్రెంచివాళ్ళు ఊరు కట్టింది ఆ సహజమైన గట్టు మీదే. ఇప్పుడు పర్యాటకులు తిరిగే ఫ్రెంచ్ క్వార్టర్ అదే. 2005లో నగరంలో 80 శాతం మునిగినా అది దాదాపుగా మునగలేదు. దాని వెనుక పాంట్‌చర్‌ట్రేన్ సరస్సు దాకా సైప్రస్ చెట్ల చిత్తడి ఉండేది. దోమలు, ఎల్లో ఫీవర్ అక్కడి ఆస్తి. బానిసత్వం రద్దయ్యాక పల్లెల నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు చాలామంది ఆ చిత్తడి అంచునే గుడిసెలు వేసుకున్నారు. ఎత్తు నేల కొనే స్తోమత వాళ్ళకు లేదు.

అయితే ఆ చిత్తడి కూడా అప్పట్లో సముద్ర మట్టానికి దిగువన లేదు. కొంచెం పైన, లేదా దానితో సమానంగా ఉండేది. నగరం ఈ రోజు సగం దాకా సముద్ర మట్టానికి దిగువన ఉంది. మిగతా కథంతా ఈ రెండు వాక్యాల మధ్యే ఉంది.

1899లో నగరం మురుగునీరు, వాననీరు బయటికి పంపడానికి ఒక బోర్డు పెట్టింది. అందులో పనిచేసిన ఆల్బర్ట్ బాల్డ్విన్ వుడ్ అనే ఇంజనీరు 1913లో ఒక భారీ స్క్రూ పంపు రూపొందించాడు. అద్భుతమైన యంత్రం, అందులో సందేహం లేదు. చిత్తడి నుంచి నీళ్ళు తోడి సరస్సులోకి ఎత్తిపోశారు. నేల ఆరింది, ప్లాట్లు పడ్డాయి, వీధులు వచ్చాయి. ఆ తర్వాత నేల దిగడం మొదలుపెట్టింది.

ఎందుకు దిగింది? చిత్తడి నేలలో పై పొర మట్టి కాదు, పీట్. వందల ఏళ్ళుగా పడిన ఆకులు, వేళ్ళు, కొమ్మలు నీటి అడుగున గాలి తగలక పూర్తిగా కుళ్ళకుండా పేరుకున్న పదార్థం అది. అందులో ఎక్కువ భాగం నీరే. వడియాలు పెట్టేటప్పుడు చూడండి: పిండి ముద్ద ఎంత లావుగా ఉంటుంది, ఎండాక ఎంతవుతుంది? నీరు పోయిన మేరకు ముద్ద కుంచించుకుపోతుంది. పీట్ కూడా మొదట అంతే. లోపలి సందుల్లో నీరు ఉన్నంతకాలం పైనున్న బరువులో కొంత ఆ నీరే మోస్తుంది. నీరు తోడేయగానే బరువంతా నేలలోని ఘనపదార్థం మీద పడుతుంది, అది నలుగుతుంది. ఎండిన వడియాన్ని నీళ్ళలో వేస్తే మెత్తబడుతుంది గానీ మళ్ళీ పిండి ముద్ద కాదు. ఈ నేల కూడా అంతే, తిరిగి తడిపినా పాత ఎత్తుకు రాదు.

ఇక్కడితో పోలిక ఆగిపోతుంది. ఎందుకంటే డబ్బాలో పెట్టిన వడియం అలాగే ఉంటుంది, పీట్ ఉండదు. నీరు పోయిన సందుల్లోకి గాలి వెళుతుంది, గాలితో పాటు ఆక్సిజన్. అంతవరకు ఆకలితో మాడుతున్న సూక్ష్మజీవులు ఆ పాత ఆకులను తినడం మొదలుపెడతాయి. తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అంటే నేల కుంచించుకోవడమే కాదు, కొంత గాలిలో కలిసిపోతుంది. మంట లేకుండా నెమ్మదిగా కాలిపోవడమే అది. ఇంకో చిక్కు: నేల దిగితే వాననీరు అక్కడికే చేరుతుంది. చేరితే ఇంకా లోతు నుంచి తోడాలి. తోడితే ఇంకా లోతు వరకు గాలి వెళుతుంది. అప్పుడు నేల మళ్ళీ దిగుతుంది. పైగా నదికి రెండు పక్కలా కరకట్టలు కట్టేశారు కాబట్టి ఏటేటా కొత్త ఒండ్రు వచ్చి ఆ లోటు పూడ్చే దారి మూసుకుపోయింది. నూరేళ్ళలో కొన్ని పేటలు సముద్ర మట్టానికి 2 నుంచి 3 మీటర్ల దిగువకు చేరాయి. 1970లలో పక్కనున్న జెఫర్సన్ పారిష్‌లో (లూసియానాలో జిల్లాను పారిష్ అంటారు) ఇళ్ళ కింద నేల జారిపోయి, గ్యాస్ గొట్టాలు విరిగి, కొన్ని ఇళ్ళు పేలిపోయాయి కూడా.

మన బడుల్లో వరదకు కారణాలు రాయమంటే పిల్లలు అధిక వర్షం, తుఫాను, అడవుల నరికివేత అని రాస్తారు. పూర్తి మార్కులు పడతాయి. పల్లం ఎవరు తయారు చేశారు, అందులోకి ఎవరు వెళ్ళారు అన్న ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు.

ఎవరు వెళ్ళారన్న దగ్గర, నల్లజాతివాళ్ళే అన్న తేలికైన జవాబు తప్పవుతుంది. కొత్తగా ఆరిన నేల మీద వెలసిన లేక్‌వ్యూ వంటి పేటలు తెల్లవాళ్ళవి. నల్లజాతివారికి అమ్మకూడదని దస్తావేజుల్లోనే షరతులు రాసుకున్నారు. లేక్‌వ్యూ చాలా లోతైన పల్లం, 2005లో ఘోరంగా మునిగింది. అటు పక్క లోయర్ నైన్త్ వార్డు అనే పేట నగరంలోకెల్లా పల్లమైన చోటు కాదు. నది వైపు అంచు సముద్ర మట్టానికి పైనే ఉంది. 1923లో తెరిచిన ఇండస్ట్రియల్ కాలువ ఆ వార్డును మిగతా నగరం నుంచి విడదీసింది. 1960 నవంబరులో అక్కడి మెక్‌డొనో 19 బడిలోకి ముగ్గురు నల్లజాతి బాలికలు అడుగుపెట్టగానే తెల్లవాళ్ళు తమ పిల్లలను బడి మాన్పించారు. ఆపైన పేటే ఖాళీ చేసి పక్క పారిష్‌లకు వెళ్ళిపోయారు. 2005 నాటికి లోయర్ నైన్త్ దాదాపు పూర్తిగా నల్లజాతి పేట. కాబట్టి నీరు రెండు రంగుల వాళ్ళ ఇళ్ళలోకీ వెళ్ళింది. పాఠకుడు చెప్పింది అంతవరకు నిజమే.

నీరు లోపలికి ఎలా వచ్చిందో ఒక్కసారి చూద్దాం, ఎందుకంటే కాలువల వెంట కట్టిన వరద గోడల మీదుగా నీరు పొర్లిందని అందరూ అనుకుంటారు. 2005 ఆగస్టు 29న తీరం దాటేటప్పటికి కత్రినా మూడో కేటగిరీ మాత్రమే (అన్నిటికంటే తీవ్రమైనది ఐదో కేటగిరీ). ఇండస్ట్రియల్ కాలువ దగ్గర ఉప్పెన గోడ మీదుగా పొర్లి ఆ తర్వాత గోడను పడగొట్టింది, నిజమే. కానీ పంపుల నీటిని సరస్సుకు చేర్చే 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువ దగ్గర నీరు గోడ పైదాకా రాకముందే గోడలు కూలాయి. ఉక్కు పలకలను భూమిలోకి దిగగొట్టి వాటి తల మీద కాంక్రీటు గోడ కట్టారు. నీరు తోయగానే గోడ కొద్దిగా అవతలికి ఒరిగింది. నీటి వైపు గోడకూ మట్టికీ మధ్య సన్నని చీలిక పడింది. నీరు ఆ చీలికలోకి దిగింది. నీటి తోపు లోతు వర్గంతో పెరుగుతుంది: 3 మీటర్ల లోతు నీరు మీటరు పొడవు గోడను సుమారు 4.5 టన్నులతో తోస్తే, 6 మీటర్లది 18 టన్నులతో తోస్తుంది. లోతు రెట్టింపైతే తోపు నాలుగింతలు. దాన్ని ఆపాల్సిన మట్టి మాత్రం ఇప్పుడు గోడకు ఒక్క వైపే ఉంది, 17వ వీధి కాలువ దగ్గర అదీ మెత్తని బంక. 1985లో సైన్యపు ఇంజనీరింగ్ విభాగం లూసియానాలోనే ఇలాంటి గోడను పరీక్షించింది. అప్పుడు గోడకూ మట్టికీ మధ్య టార్పాలిన్ కప్పి ఉండడంతో ఆ చీలిక ప్రభావం కనబడలేదు. ఆ పరీక్షను తప్పుగా అర్థం చేసుకుని పలకలను తక్కువ లోతు దించితే చాలనుకున్నారు, సుమారు 10 కోట్ల డాలర్లు ఆదా అవుతుందని లెక్క వేశారు.

పరిహారం కోసం బాధితులు కోర్టుకు వెళితే 1928 నాటి వరద నియంత్రణ చట్టం అడ్డొచ్చింది. వరద పనుల విషయంలో కేంద్ర ప్రభుత్వం మీద దావా చెల్లదని ఆ చట్టం అంటుంది. 1928 అని చూడగానే నాకు దాని ముందటి ఏడాది గుర్తొచ్చింది. 1927 మిసిసిపీ మహా వరదలో న్యూ ఓర్లీన్స్‌ను కాపాడడానికి నగర పెద్దలు కెర్నార్వన్ దగ్గర కరకట్టను డైనమైట్‌తో పేల్పించారు. దిగువనున్న పేద వేటగాళ్ళ ఊళ్ళు మునిగాయి, వాళ్ళకు చివరికి దక్కిన పరిహారం నామమాత్రం. అదే వరదలో మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌విల్ ఊళ్ళో వేలాది నల్లజాతి కూలీలను కరకట్ట మీదే ఆపేసి, తుపాకుల కాపలాలో పని చేయించారు. 2005లో లోయర్ నైన్త్ వాళ్ళు "మా కట్టను కావాలనే పేల్చారు" అన్నారు. పేల్చలేదు, గోడ ఎలా పడిందో ఇంజనీర్లకు స్పష్టంగా తెలుసు. అయినా ఆ మాటను మూఢనమ్మకమని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఒకసారి నిజంగా జరిగినదాన్ని మళ్ళీ జరిగిందనుకోవడం మూఢత్వం కాదు.

ఆ వారం సంగతులు టీవీలో ప్రపంచమంతా చూసింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నగరం ఖాళీ చేయాలన్న ఆదేశం తుఫాను తీరం దాటడానికి ఒక రోజు కూడా లేనప్పుడు వచ్చింది. నాలుగింట ఒక ఇంటికి పైగా కారు లేదు. నెలాఖరు, చేతిలో డబ్బు లేదు. సూపర్‌డోమ్ స్టేడియంలో, కన్వెన్షన్ సెంటర్‌లో వేలమంది తిండీ నీళ్ళూ లేకుండా రోజుల తరబడి ఉండిపోయారు. కాలినడకన వంతెన దాటబోయినవాళ్ళను అవతలి గ్రెట్నా పట్టణ పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపి వెనక్కి పంపారు. డాంజిగర్ వంతెన మీద పోలీసులు నిరాయుధులైన నల్లజాతివారి మీద కాల్పులు జరిపి ఇద్దరిని చంపారు. నీళ్ళలో సరుకులు పట్టుకుని నడుస్తున్న నల్లజాతి యువకుడి ఫోటో కింద ఒక వార్తాసంస్థ "దోచుకుని" అని రాసింది. అదే పని చేస్తున్న తెల్లవాళ్ళ ఫోటో కింద మరో సంస్థ "దొరికించుకుని" అని రాసింది. లూసియానా మరణాలను పరిశీలించిన పరిశోధకులు చనిపోయినవారిలో దాదాపు సగం మంది 75 ఏళ్ళు పైబడినవారని తేల్చారు. నగరంలో 18 ఏళ్ళు దాటినవాళ్ళలో నల్లజాతివారి మరణాల రేటు తెల్లవారి కంటే 1.7 నుంచి 4 రెట్లు ఎక్కువని కూడా లెక్క కట్టారు.

రంగు అసలు తేడా చూపింది నీరు దిగిపోయాక. అక్కడ పని చేసింది ఒక లెక్క, చాలా అమాయకంగా కనబడే లెక్క. ఇళ్ళు తిరిగి కట్టుకోవడానికి "రోడ్ హోమ్" అనే పథకం పెట్టారు, డబ్బు కేంద్రానిది. సూత్రం ఇది: తుఫానుకు ముందు ఇంటి మార్కెట్ విలువ ఒక అంకె, మరమ్మతు ఖర్చు మరో అంకె. ఆ రెండిటిలో ఏది తక్కువైతే అందులోంచి బీమా సొమ్ము తీసేసి ఇస్తారు, గరిష్ఠం 1,50,000 డాలర్లు. ఇందులో జాతి అన్న మాట ఎక్కడా లేదు. ఇప్పుడు ఒకే నమూనా ఇళ్ళు రెండు ఊహించండి. రెండిటికీ మరమ్మతు 1,00,000 డాలర్లు, బీమా లేదు. తెల్లవాళ్ళ పేటలో ఉన్నదాని ధర 2,00,000. దాని యజమానికి 1,00,000 వస్తుంది, ఇల్లు పూర్తవుతుంది. నల్లజాతి పేటలో ఉన్నదాని ధర 60,000. దాని యజమానికి వచ్చేది అంతే, 40,000 లోటు. మేకులూ కలపా ఇద్దరికీ ఒకే ధర. పేట ధర మాత్రం ఒకటి కాదు. అది ఎందుకు తక్కువంటే 1930ల నుంచీ ప్రభుత్వ సంస్థలే నల్లజాతి పేటలను పటాల మీద ఎర్ర రంగుతో గుర్తించి, అక్కడ అప్పులివ్వడం ప్రమాదమని చెప్పాయి కాబట్టి. 'ఏది తక్కువైతే అది' అన్న నియమం ఆ పాత పటాన్ని తెలియకుండానే చదువుతుంది. అన్యాయం చేసే ఉద్దేశం ఎవరికీ ఉండనక్కర్లేదు.

దీనికి తోడు కాగితాల గొడవ. లోయర్ నైన్త్‌లో సొంత ఇళ్ళవాళ్ళ శాతం నగర సగటు కంటే ఎక్కువ. కానీ చాలా ఇళ్ళు తాత పేరు మీదో అమ్మమ్మ పేరు మీదో ఉండిపోయాయి, వీలునామాలు లేవు. ఇల్లు నీదేనని రుజువు చేయలేకపోతే పథకం వర్తించదు. 2000లో దాదాపు 14,000 మంది ఉన్న లోయర్ నైన్త్ పేటలో 2010 జనాభా లెక్కలకు 3,000 మంది కూడా లేరు. అంతే లోతున మునిగిన లేక్‌వ్యూ మాత్రం చాలావరకు కోలుకుంది.

2006 జనవరిలో నగర పునర్నిర్మాణ కమిషన్ కొన్ని పల్లపు పేటల మీద ఆకుపచ్చ చుక్కలు పెట్టి, ఇవి ఉద్యానవనాలు కావచ్చని పటం విడుదల చేసింది. నిష్ఠూరమైనా చెప్పాలి: శాస్త్రం ప్రకారం ఆ ఆలోచనలో తప్పు లేదు. దిగిపోయిన నేలను నీటికి వదిలేయడమే తెలివైన పని. కానీ ఎత్తున ఉన్న చోట మీకు ఇల్లు ఇస్తామని ఆ చుక్కల కింది మనుషులతో ఎవరూ అనలేదు. పైగా 2007 డిసెంబరులో నగర మండలి 4,500 దాకా ప్రభుత్వ అద్దె ఇళ్ళ కూల్చివేతకు ఏకగ్రీవంగా ఓటు వేసింది. ఎత్తు నేల చూపించని శాస్త్రాన్ని జనం నమ్మకపోతే తప్పు జనానిదా?

రోడ్ హోమ్ లెక్క మీద 2008లో వేసిన దావా 2011లో 6.2 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. అదే పథకంలో ఇంటిని ఎత్తు పెంచుకోవడానికి విడిగా 30,000 డాలర్లు ఇచ్చారు. అసలు సాయం చాలక వేలమంది దాన్ని కప్పుకో గోడలకో ఖర్చు పెట్టేశారు. ఇంటిని లేపాల్సిన డబ్బుతో ఇల్లు బాగు చేసుకున్నందుకు రాష్ట్ర ప్రభుత్వం సుమారు 3,500 కుటుంబాల మీద దావాలు వేసింది. 2023 ఫిబ్రవరిలో, తుఫాను వచ్చిన పదిహేడేళ్ళ తర్వాత, ఆ వసూళ్ళు ఆపేస్తున్నట్టు ప్రకటించింది.