బోర్డు పోయిందనుకునే ముందు: రాస్ప్‌బెర్రీ పై అపోహలు - వాస్తవాలు

రాయగడలో కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నాను. గుణుపూర్ వైపు నుంచి ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టు బోర్డులు పట్టుకొస్తుంటారు. విశాఖ నుంచి రైల్లో తెచ్చుకుని, రెండు రోజులు కుస్తీ పట్టి, "బోర్డు పోయింది అన్నా" అంటారు. నిజంగా పోయినవి చాలా తక్కువ. రాస్ప్‌బెర్రీ పై (Raspberry Pi) అంటే చిన్న కంప్యూటర్ బోర్డు. ఇక్కడ చెప్పేది ఎక్కువగా అందులో 'పై 4' మోడల్ గురించి.

అపోహ: పిన్ సరిపోయింది కదా, ఫోన్ చార్జర్ చాలు.

వాస్తవం: ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. పై 4కి 5.1 వోల్టుల, 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఫాస్ట్ చార్జర్ మీద 33 వాట్లని ఉంటే పిల్లలు సంబరపడతారు. ఆ వాట్లన్నీ వోల్టేజి పెంచితేనే వస్తాయి, అదీ ఫోన్ అడిగితేనే. పై తీసుకునేది 5 వోల్టులే. ఆ వోల్టేజి దగ్గర చాలా చార్జర్లు 2 ఆంపియర్లకు మించి ఇవ్వవు. చార్జర్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే 5 వోల్టుల లైను చదవండి. సన్న కేబుల్ కూడా వోల్టేజి తినేస్తుంది. 4.63 వోల్టుల కిందికి దిగితే బోర్డు మీద ఎర్ర లైటు ఆరుతుంది. కీబోర్డు పెట్టగానే రీస్టార్ట్ అవుతున్నా, వైఫై తెగిపోతున్నా ముందు దీన్నే అనుమానించండి. ఒకమ్మాయి నాలుగుసార్లు ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మార్చి ఏడుపు మొహంతో వచ్చింది. కేబుల్ మార్చాం, అంతే, బూట్ అయింది.

పై 5 అయితే 5 ఆంపియర్ల అడాప్టరే కొనండి. 3 ఆంపియర్లతో ఆన్ అవుతుంది గానీ, యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే వదులుతుంది.

అపోహ: బోర్డులో పెట్టే మెమరీ కార్డు మీద ఓఎస్ ఎక్కించాక విండోస్ ఫార్మాట్ చేయమంటోంది, కార్డు పాడైంది.

వాస్తవం: క్యాన్సిల్ కొట్టండి! కార్డులో లినక్స్ భాగాన్ని విండోస్ చదవలేదు, అందుకే అలా అడుగుతుంది. ఫార్మాట్ నొక్కితే చేసిన పనంతా పోతుంది. 32 జీబీ కార్డు అర జీబీగా కనిపించినా టెన్షన్ వద్దు, అది బూట్ భాగం మాత్రమే. మొదటిసారి ఆన్ చేసినప్పుడు మిగతా చోటంతా బోర్డే కలిపేసుకుంటుంది.

అపోహ: లాగిన్‌కి యూజర్ పేరు "pi", పాస్‌వర్డ్ "raspberry".

వాస్తవం: ముందే పెట్టి ఇచ్చే ఆ లాగిన్‌ను 2022 ఏప్రిల్‌లో తీసేశారు. పాత వీడియోలు ఇంకా అదే చెబుతున్నాయి. కార్డు రాసేటప్పుడే ఇమేజర్‌లో (కార్డు మీద ఓఎస్ ఎక్కించే ప్రోగ్రాం) మీ పేరు, పాస్‌వర్డ్, వైఫై పెట్టి, దేశం ఇండియా అని ఎంచుకోండి. ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) కూడా ఆన్ చేస్తే మానిటర్ లేకుండానే ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ కావచ్చు.

అపోహ: ఆర్డ్వినో అనే ఇంకో ప్రాజెక్టు బోర్డుకి పెట్టిన సెన్సర్ దీనికీ నేరుగా పెట్టొచ్చు.

వాస్తవం: నిజంగా పోయిన బోర్డుల్లో నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. సెన్సర్లు కలిపే జీపీఐఓ పిన్నులు 3.3 వోల్టులవి, 5 వోల్టులు తగిలితే కాలిపోవచ్చు. హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే దూరం కొలిచే సెన్సర్ ఎకో పిన్ (సిగ్నల్ బయటికి వచ్చే పిన్) 5 వోల్టులు ఇస్తుంది. దాన్నుంచి జీపీఐఓకి 1 కిలో ఓమ్, జీపీఐఓ నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్ రెసిస్టర్ వేసి, ఎకో చోట 5 వోల్టులు ఇచ్చి, రెండు రెసిస్టర్ల మధ్య మల్టీమీటర్‌తో 3.3 చూసుకున్నాకే బోర్డుకి కలపండి.