వాళ్ళ చెట్టు వాళ్ళిష్టం కాదా?

పిల్లలూ,

పోయిన ఆదివారం మూలమీది ఇంట్లో చింతచెట్టు కొడుతున్నారని మీరంతా నా దగ్గరకు పరుగెత్తుకొచ్చారు. నేను వెళ్ళేసరికి మొద్దు ఒక్కటే మిగిలింది. చుట్టూ రంపపు పొట్టు, మధ్యలో నల్లటి చేవ. పక్కన పడిన కొమ్మలో కాకిగూడు. కారు పెట్టుకోవడానికి చోటు కావాలట. "వాళ్ళ ఇల్లు, వాళ్ళ చెట్టు, వాళ్ళిష్టం కదా తాతయ్యా?" అని మీలో ఒకరు అడిగారు. గొంతు పట్టేసి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

వాళ్ళిష్టం కాదమ్మా. మనకు వాల్టా అని 2002లో వచ్చిన చట్టం ఒకటి ఉంది. ఇంగ్లీషులో వాటర్, ల్యాండ్, ట్రీస్ యాక్ట్, అంటే నీరు, భూమి, చెట్లు, ఈ మూడింటికీ కలిపి చేసిన చట్టం. బోరు ఎండిపోవడానికీ చెట్టు పోవడానికీ ఉన్న సంబంధం దాని పేరులోనే ఉంది, అందుకే నాకు ఆ పేరంటే ఇష్టం. కొన్ని రకాలకు మినహాయింపులున్నా, మామూలుగా సొంత స్థలంలో చెట్టు కొట్టాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. ఆ రోజు నేను అడిగితే "మా చెట్టుకు అనుమతేంటి సార్" అన్నారు. అంటే ఆ సంగతే తెలియదు.

చింతచెట్టు కాబట్టి నాకు ఇంకా బాధేసింది. 1908 సెప్టెంబరులో మూసీకి వరద వచ్చినప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారు. సెలవుల్లో తీసుకెళ్ళి చూపిస్తాను. చేవెళ్ళ రోడ్డు మీద మర్రిచెట్లు మీరు చూసే ఉంటారు. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తీసేస్తారన్నప్పుడు మనలాంటి మామూలు మనుషులే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళి వాటికోసం పోట్లాడారు.

గొడ్డలి వేస్తే పది మందికీ కనబడుతుంది. నాకు అసలు భయం నెమ్మదిగా చంపేవాటితోనే. ఆకులు తయారుచేసిన ఆహారం వేర్లకు చేరేది బెరడు లోపలి పొర గుండానే. చుట్టూ ఒక పట్టీలా బెరడు ఒలిచేస్తే పైన ఆకులు కొన్నాళ్ళు పచ్చగానే ఉంటాయి, కింద వేర్లు పస్తులుంటాయి. సీరియల్ లైట్ల కోసం బిగించి కట్టిన ఇనుప తీగ కూడా, చెట్టు లావయ్యేకొద్దీ అదే పని చేస్తుంది. మొదలుదాకా సిమెంటు పోస్తే వేర్లకు నీళ్ళూ గాలీ రెండూ అందవు. అలా ఎండిన చెట్టును చూపించి "ఎలాగూ చచ్చిపోయింది కదా" అని కొట్టేస్తారు.

కాబట్టి ఎక్కడైనా రంపం చప్పుడు వినబడితే మీరు వెళ్ళి గొడవ పడకండి. ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి, అనుమతి కాగితం ఉందా అని వాళ్ళతో అడిగించండి. నన్ను పిలిచినా సరే, ఏ టైంలోనైనా వస్తాను.

పార్కు గేటు దగ్గర కానుగ చెట్టుకు మొదలుదాకా టైల్స్ వేశారు. మొన్న చూస్తే ఒక పక్క బెరడు పైకి ఉబ్బి టైలు అంచును మింగుతోంది. చుట్టూ రెండడుగులు తీసేయడానికి కాలనీ అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకున్నారు. గునపం పని పెద్దవాళ్ళం చూసుకుంటాం. వేర్ల దగ్గర మాత్రం చేత్తోనే మట్టి తీయాలి, అక్కడ మీ చిన్న చేతులు కావాలి. ఆదివారం పొద్దున్న ఆరున్నరకల్లా వచ్చేయండి. నీళ్ళ సీసాలు తెచ్చుకోండి, చెట్టుకు కూడా కలిపి.

మీ తాతయ్య