హోమ్ లోన్ పన్ను మినహాయింపు ఎత్తేశారా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రభుత్వం మినహాయింపును రద్దు చేసింది.

లేదు. పాత పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటికి ఏడాదికి 2 లక్షల దాకా వడ్డీ, 1.5 లక్షల దాకా కట్టిన లోన్ అసలును ఇప్పటికీ మినహాయింపుగా చూపించుకోవచ్చు. 2020లో వచ్చిన కొత్త విధానంలో మాత్రం ఈ రెండూ లేవు. 2023 నుంచి అదే డిఫాల్ట్. వడ్డీ పరిమితి కూడా 2014 నుంచి 2 లక్షల దగ్గరే ఆగింది. ఎత్తేస్తున్నామని చెప్పకుండానే నీరుగారుస్తున్నారు. పన్నుల పని చేసేవాడిగా నా అభ్యంతరం ఇదే.

అపోహ: లోన్ ఉంటే పాత విధానమే లాభం.

జీతం 15 లక్షలు అనుకుందాం. రెండు మినహాయింపులూ పూర్తిగా వాడుకున్నా, 2025-26 ఆదాయానికి పాత విధానంలో పన్ను రూ.1,48,200. కొత్త విధానంలో, జీతగాళ్లందరికీ దానంతటదే వచ్చే స్టాండర్డ్ డిడక్షన్ తప్ప ఏ మినహాయింపూ చూపకుండానే రూ.97,500. ఆరోగ్య బీమా, ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) లాంటివి కలిస్తే లెక్క మారొచ్చు, కాబట్టి రెండు రకాలుగానూ వేయించుకోండి. పన్ను మిగులుతుందని చెప్పి ఫ్లాట్ అంటగట్టే వాళ్ల మాట మాత్రం వినకండి. 30 శాతం శ్లాబులో ఉన్నా, 2 లక్షల వడ్డీ కడితే పన్నులో మిగిలేది, 4 శాతం సెస్‌తో కలిపి, రూ.62,400. మిగతా రూ.1,37,600 మీ జేబులోంచి పోయినట్టే.

అపోహ: అద్దెకిచ్చిన ఇంటికీ కొత్త విధానంలో ఏమీ రాదు.

వచ్చిన అద్దెలోంచి వడ్డీ తీసేయవచ్చు. నష్టం మిగిలితే దాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు, అంతే.

అపోహ: మినహాయింపు వద్దనేవాళ్లు మధ్యతరగతికి శత్రువులు.

వాళ్ల వాదనలో బలం ఉంది. అదే 2 లక్షల వడ్డీకి 20 శాతం శ్లాబు వాళ్లకు మిగిలేది రూ.41,600 మాత్రమే. ఇల్లే కొనలేని వాళ్లకు అసలేమీ లేదు. అయినా, ఉన్న నిబంధనలను నమ్మి ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టిన వాళ్లను నట్టేట ముంచకూడదు. బ్రిటన్ 1990లలో ఈ రాయితీని దశలవారీగా తగ్గించి 2000 ఏప్రిల్‌లో ఆపేసింది. మనమూ తేదీ ప్రకటించి, పాత లోన్లను కాపాడి, పార్లమెంటులో చర్చించి చేయాలి.

అపోహ: బడ్జెట్‌లో చెప్పాక ఇక మారదు.

2024 జులై 23న ఆస్తి అమ్మకాలపై ఇండెక్సేషన్ (ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి చూపి లాభం లెక్కించే పద్ధతి) తీసేశారు. నిరసన రావడంతో కొద్ది వారాల్లోనే సవరించారు. ఆ తేదీకి ముందు కొన్న ఇల్లు, స్థలాలకు అమ్మిన లాభంపై పన్ను ఇండెక్సేషన్‌తో 20 శాతం, లేకుండా 12.5 శాతం, ఏది తక్కువైతే అది. ఈ వెసులుబాటు ఇక్కడ నివాసితులకే. అమెరికాలో ఉంటూ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ అమ్మాలనుకునే ఎన్ఆర్ఐలు బేరం కుదుర్చుకునే ముందే పన్ను లెక్క చూసుకోవాలి.