రాని కొలత, అబద్ధమాడే కొలత

ఉమ్మడి కర్నూలు జిల్లా మల్యాల వద్ద ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీ-నీవా కాలువ వెంట వరుస పంపింగ్ స్టేషన్లు దాటి అనంతపురం జిల్లా జీడిపల్లికి చేరతాయి. అదే ఉమ్మడి జిల్లాలోని గని, శకునాల అనే గ్రామాల భూముల్లో 2017లో సిద్ధమైన 1,000 మెగావాట్ల సోలార్ పార్కును మబ్బు కమ్మితే, తగ్గిన విద్యుత్తును సర్దవలసింది ఎక్కడో దూరాన ఉండే లోడ్ డిస్పాచ్ కేంద్రం (గ్రిడ్‌లో విద్యుత్ సరఫరాను, వాడకాన్ని సరితూచే కార్యాలయం). ఇలాంటి వ్యవస్థల్లో కొలత పుట్టేది ఒకచోట, నిర్ణయం జరిగేది మరోచోట. మధ్య దారిలో ఆ కొలత పోయినా, ఎవరైనా మార్చినా ఏం చేయాలన్నది నియంత్రణ శాస్త్రాన్ని చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

దోషాలున్న కొలతల నుంచి వ్యవస్థ అసలు స్థితిని అంచనా కట్టే పద్ధతిని 1960లో రుడాల్ఫ్ కల్మన్ ఇచ్చాడు. అందులో కొలత ప్రతి విడతా అందుతుందన్నది ముందే ఒప్పుకున్న విషయం. దారిలో ప్యాకెట్లు (కొలతను మోసే సమాచారపు పొట్లాలు) పోతుంటే ఏమవుతుందో 2004లో బ్రూనో సినొపొలి, సహచరులు తేల్చారు: నష్టం ఒక హద్దు దాటితే అంచనాలోని దోషపు వర్గాల సగటు అదుపు లేకుండా పెరుగుతుంది. కొలత అందని ప్రతి విడతా దోషం రెట్టింపయ్యే సరళమైన వ్యవస్థలో, ప్యాకెట్లలో నాలుగింట మూడు వంతులకు మించి చేరితీరాలి.

ఇదంతా యాదృచ్ఛిక నష్టం గురించి. పగబట్టినవాడి పని వేరు, దాన్ని శాస్త్రం ఆలస్యంగా పట్టించుకుందనే నా అభిప్రాయం. 1970లో ఫ్రెడ్ ష్వెపీ విద్యుత్ గ్రిడ్‌కు స్థితి అంచనాను తెచ్చిన నాటి నుంచి, మిగతావాటితో పొసగని కొలతను చెడ్డదిగా తీసేయడమే రక్షణగా నిలిచింది. గ్రిడ్ నిర్మాణం తెలిసినవాడు పలు కొలతలను ఒకదానితో ఒకటి పొసిగేలా మార్చితే ఆ పరీక్ష ఏమీ పసిగట్టదని 2009లో లియు, నింగ్, రీటర్ చూపారు.

అది కాగితం మీది భయం కాదు. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీలో ఒక వ్యక్తి రేడియో ద్వారా మురుగునీటి పంపులకు దొంగ ఆదేశాలు పంపి, లక్షల లీటర్ల మురుగును పార్కుల్లోకి, నదుల్లోకి వదిలాడు. ఎత్తిపోతల పథకాలున్న సీమవాసులు శ్రద్ధగా చదవవలసిన ఉదంతమిది. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్, ఇరాన్‌లో యురేనియంను శుద్ధి చేసే సెంట్రిఫ్యూజు యంత్రాలను చెడగొడుతూనే, ముందే రికార్డు చేసిన మామూలు రీడింగులను తిరిగి చూపించింది. ఇలాంటి మోసానికి యిలిన్ మో, సినొపొలి 2009లోనే ఒక విరుగుడు చెప్పారు: ఆదేశంలో చిన్న యాదృచ్ఛిక కదలికను కలిపి పంపితే, పాత రికార్డులో దాని జాడ కనిపించదు, మోసం బయటపడుతుంది.

సెన్సర్లలో సగమో అంతకుమించో శత్రువు చేతికి చిక్కితే ఏ లెక్కా అసలు స్థితిని రాబట్టలేదన్న హద్దును 2014లో హమ్జా ఫౌజీ, పాలో టబువాడా, సుహాస్ దిగ్గావి నిరూపించారు. కాబట్టి కాలువ పొడవునా ఎన్ని సెన్సర్లు పెట్టామన్నది ఒక్కటే సరిపోదు. వాటి కొలతలన్నీ ఒకే కేబుల్ మీద వస్తుంటే, ఆ కేబుల్‌ను పట్టినవాడు అన్నింటినీ ఒకేసారి పట్టినట్టే.