డెంగీ వార్డులో చిన్న స్కాన్ మిషన్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో వానలు పడ్డాయంటే అక్టోబర్ దాటే దాకా మా ఎమర్జెన్సీ వార్డులో ప్లేట్‌లెట్ల లెక్కలే. మంచం పక్కకి చిన్న అల్ట్రాసౌండ్ మిషన్ తోసుకొచ్చి ప్రోబ్‌కి (ఒంటికి ఆనించి చూసే భాగం) జెల్ రాయగానే పేషెంట్ తాలూకు వాళ్లు అడిగేది కూడా అదే: "సార్, ప్లేట్‌లెట్లు ఎన్నున్నయో ఇందులో తెలుస్తదా?"

తెలియదు. అసలు డెంగీ ఉందో లేదో కూడా ఇది చెప్పదు. దానికి రక్తపరీక్ష కావాలి: జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీన్‌ని పట్టే పరీక్ష), ఆ తర్వాత ఐజీఎం (దానికి మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ పరీక్ష). మరి స్కాన్ ఎందుకంటారా? డెంగీలో సన్నటి రక్తనాళాలు ప్లాస్మాను, అంటే రక్తంలోని నీటి భాగాన్ని, బయటికి వదిలేస్తాయి. ఆ నీరు ఎక్కడెక్కడ చేరిందో చూడటానికి.

అపోహ: ప్లేట్‌లెట్లు బాగున్నాయి, జ్వరం తగ్గింది, ఇక గండం గడిచినట్టే.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మాటే. ఓ కుర్రాడు జ్వరం మొదలైన ఐదో రోజున వచ్చాడు. పొద్దున్నే జ్వరం దిగింది, ప్లేట్‌లెట్లు 80 వేలు. వాళ్ల నాన్న డిశ్చార్జ్ అడుగుతున్నారు. అబ్బాయి మాత్రం కడుపునొప్పి అంటున్నాడు. కుడి పక్కటెముకల మధ్య ప్రోబ్ పెడితే కాలేయానికి, కిడ్నీకి మధ్య నల్లటి చార. నీరు స్కాన్‌లో నల్లగానే కనిపిస్తుంది. కాస్త పైకి జరిపితే ఊపిరితిత్తి కింద కూడా ఉంది. బీపీ 100/84. పై అంకె చూసి నర్సు పర్లేదంది కానీ, రెండింటి మధ్య తేడా 20 లోపుకి వచ్చిందంటే షాక్ (ఒంటికి రక్తం సరిగా అందని స్థితి) గుమ్మంలో ఉన్నట్టు. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 42 నుంచి 51కి పెరిగింది, అంటే నీరు బయటికి పోయి రక్తం చిక్కబడింది. ఆ రాత్రి ఐసీయూలో ఉంచాం, చేరిన నాలుగో రోజున నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. అతనికి ప్లేట్‌లెట్లు ఒక్క బ్యాగు కూడా ఎక్కించలేదు.

అపోహ: ఎక్స్‌రే తీయించాం, నీరు లేదన్నారు.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కనిపించాలంటే దాదాపు 200 మిల్లీలీటర్లు చేరాలి. అల్ట్రాసౌండ్ అంతకంటే చాలా తక్కువ నీటినీ పట్టేస్తుంది, పైగా రేడియేషన్ లేదు.

అపోహ: గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) వాచిందట, ఆపరేషన్ చేయాలేమో.

మామూలుగా దాని గోడ మందం 3 మిల్లీమీటర్ల లోపే. డెంగీలో 5 దాటడం తరచూ చూస్తాం. రాళ్లుండవు, కొన్ని రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి కత్తి పెడితే కొత్త ప్రమాదం తెచ్చుకున్నట్టే. అలాగని గోడ మందంగా ఉన్న ప్రతి మనిషికీ డెంగీ అనుకోకూడదు. కామెర్లు, గుండె జబ్బు, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గడం, ఏవైనా కారణం కావచ్చు. తిన్న వెంటనే చూసినా గాల్‌బ్లాడర్ ముడుచుకుని గోడ మందంగానే కనిపిస్తుంది. అందుకే ముందు, "ఇడ్లీ ఎప్పుడు తిన్నారమ్మా?" అని అడుగుతాను.

అపోహ: రెండో రోజు స్కాన్ నార్మల్, మళ్లీ ఎందుకు? డబ్బుల కోసమేగా!

రెండో రోజున చాలామందికి నార్మలే వస్తుంది. నీరు కారడం మొదలయ్యేది సాధారణంగా మూడు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగే వేళకి. అందుకే అవసరమైతే పూటపూటా చూస్తాం.

అపోహ: సెలైన్ ఎంత ఎక్కితే అంత మంచిది.

ఆ కారడం 24 నుంచి 48 గంటలే. తర్వాత బయటికి పోయిన నీరంతా రక్తంలోకి తిరిగొస్తుంది. అప్పుడు కూడా బాటిల్ మీద బాటిల్ పెడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. స్కాన్‌లో ఊపిరితిత్తి మీద నిలువు తెల్ల గీతలు వరసగా కనిపించాయంటే నేను డ్రిప్ తగ్గించేస్తాను. "సెలైన్ ఆపేశారేంటి?" అని గొడవ పడినవాళ్లూ ఉన్నారు.

అపోహ: మిషన్ అంత చిన్నది కదా, ఇంటికి తెచ్చి చూడొచ్చుగా డాక్టర్ గారూ.

కుదరదు. లింగనిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం కింద ఈ చిన్న మిషన్లకీ రిజిస్ట్రేషన్ ఉంటుంది, చేత్తో పట్టుకుని ఇళ్లకు తిరగడానికి వీల్లేదు. ఇంట్లో చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి: జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండటం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, అది అర్ధరాత్రైనా సరే, ఆస్పత్రికి బయలుదేరండి.