గలాగా బొమ్మల వెనక హిరోషి ఒనో

పాత ఆర్కేడ్ గేమ్‌లు, అంటే నాణెం వేసి పెద్ద మెషిన్ల మీద ఆడినవి, కొత్త కన్సోళ్లలో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. వాటిలో బొమ్మలు ఎవరు గీశారని అడిగితే మాత్రం చాలాసార్లు జవాబు దొరకదు. ఎందుకు దొరకదో తెలియాలంటే జపాన్‌లో నామ్‌కో కంపెనీలో పనిచేసిన హిరోషి ఒనో గురించి తెలుసుకోవాలి.

ఒనో 1979లో నామ్‌కోలో చేరారు. ఆ తర్వాతి నాలుగేళ్లలో వచ్చిన గలాగా, డిగ్ డగ్, జీవియస్, మ్యాపీ గేమ్‌ల బొమ్మల్లో ఆయన చెయ్యి ఉంది. 1981 నాటి గలాగా మెషిన్‌లో ఒక్కో బొమ్మకు ఇచ్చే చోటు అడ్డంగా 16 చుక్కలు, నిలువుగా 16 చుక్కలు. మొత్తం 256 గళ్లు. అందులో వాడుకోగలిగేవి మూడు రంగులే. మిగిలిన గళ్లను, వెనక ఉన్న నల్లటి ఆకాశం కనిపించేలా, ఖాళీగా వదిలేయాలి. ఇంత ఇరుకులో నిజమైన వంపు గీయడం కుదరదు. చుక్కల్ని మెట్లు మెట్లుగా పేర్చి, చూసేవాళ్లకు అది వంపులా అనిపించేట్టు చేయాలి. బొమ్మ కన్ను ఒక్క చుక్క పక్కకు జరిగినా దాని ముఖం మారిపోతుంది. జీవియస్‌కి వచ్చేసరికి బూడిద రంగులోనే రకరకాల ఛాయలు వాడి శత్రు నౌకలకు లోహపు మెరుపు తెచ్చారు. నా దృష్టిలో ఆ కాలపు బొమ్మల పనిలో అంతకు మించింది లేదు.

మరి పేరు? ఉద్యోగుల పేర్లు బయటపడితే పోటీ సంస్థలు వాళ్లను లాగేసుకుంటాయని అప్పటి జపాన్ గేమ్ కంపెనీలకు టెన్షన్. అందుకే తెర మీద అసలు పేర్లు వేసేవాళ్లు కాదు, వేస్తే మారుపేర్లే. అమెరికాలోనూ ఇదే గొడవ. అక్కడి గేమ్ కంపెనీ అటారీలో ప్రోగ్రామర్ వారెన్ రాబినెట్, అడ్వెంచర్ అనే గేమ్‌లోని ఒక రహస్య గదిలో తన పేరు దాచిపెట్టారు. గుర్తింపు, డబ్బు రెండూ దక్కడం లేదని నలుగురు ప్రోగ్రామర్లు అటారీ వదిలి 1979లో యాక్టివిజన్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు.

గమనించాల్సింది ఏమిటంటే, వీళ్లందరూ ప్రోగ్రామర్లు. కోడ్ రాసేవాళ్లకు తమ పేరును గేమ్‌లో రహస్యంగా చేర్చే దారి అయినా ఉంది, బొమ్మలు గీసేవాళ్లకు అదీ లేదు. జీవియస్‌లోనూ ఒక రహస్య సందేశం ఉంది. అందులో కనిపించేది గేమ్ రూపకర్త మసనొబు ఎండో మారుపేరు. ఒనో పేరు లేదు.

ఆయనకు గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. అభిమానులు ఆయన్ని ‘మిస్టర్ డాట్‌మ్యాన్’ అని పిలుచుకున్నారు. 2021 అక్టోబర్‌లో, 64 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఆ తరం చిత్రకారులు పెద్దవాళ్లవుతున్నారు. తెర మీద పేర్లు లేని గేమ్‌లకు వాళ్ల జ్ఞాపకాలే ఆధారం. పాత గేమ్‌లను తిరిగి అమ్ముకుంటున్న కంపెనీలు వాళ్లను ఇప్పుడే అడిగి, ఆ పేర్లను గేమ్‌లోనే చేర్చాలి.