శ్రీలంకలో నేలకొరిగిన జవాన్లు: ఊరికి చేరని సంస్మరణ

విశాఖపట్నం బీచ్ రోడ్డులోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకాన్ని 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో నెలకొల్పారు. పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి చేరువలోనే మునిగిపోయింది కనుక ఆ విజయాన్ని నగరం తనదిగా చెప్పుకోవడం సహజమే. సైన్యంలో చేరే యువకులకు కొదవలేని ఉత్తరాంధ్రలో, 1987–90 మధ్య శ్రీలంకలో ప్రాణాలు విడిచిన జవాన్ల ప్రస్తావన మాత్రం అరుదు. ఇందుకు జనం మరుపును తప్పుపట్టి లాభం లేదు; ఆ పోరు నడిచిన తీరే అలాంటిది.

1987 జులై 29న ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందంపై సంతకాలు చేశారు. తమిళ సాయుధ బృందాల చేత ఆయుధాలు అప్పగింపజేయడానికి వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళం అక్టోబరు నాటికి ఆ బృందాల్లో ఒకటైన ఎల్టీటీఈతోనే తలపడవలసి వచ్చింది. జాఫ్నా విశ్వవిద్యాలయ ఆవరణలో రాత్రివేళ హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లటూన్‌లోని 30 మందిలో 29 మంది మరణించారు. నవంబరులో ప్రాణాలర్పించిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్‌కు పరమవీర చక్ర లభించింది. మొత్తం మీద దాదాపు 1,200 మంది చనిపోయినా, దానిని ఎవరూ యుద్ధమని ప్రకటించలేదు, గెలిచామని పండుగ చేసుకోవడానికీ ఏమీ మిగలలేదు. 1990 మార్చిలో తిరిగివచ్చిన దళాలకు మద్రాసులో ఏర్పాటైన స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఆయన కారణాలు ఆయనకుండవచ్చు గాని, ఒప్పందం చేసింది ఓడ దిగిన జవాను కాదు గదా!

ఈ మరుపుకు మరో కారణం తోడైంది. మరణించిన సైనికుడికి యుద్ధభూమికి దగ్గరలోనే అంత్యక్రియలు జరపడం అప్పటి ఆనవాయితీ. జాతీయ పతాకం కప్పిన పార్థివదేహాన్ని సొంతూరికి తీసుకురావడం 1999 కార్గిల్ పోరు నుంచే రివాజుగా మారింది. ఈనాడు జవాను మరణిస్తే ఊరంతా అంతిమయాత్రలో నడుస్తుంది, కూడలిలో విగ్రహం వెలుస్తుంది. అంతకు ముందు తరంలో చాలా ఇళ్లకు చేరినవి టెలిగ్రామూ, అతడి సామాన్ల పెట్టే. కళ్లారా చూడని మరణాన్ని ఊరు తన జ్ఞాపకంగా చేసుకోవడం కష్టం.

ఢిల్లీలో జాతీయ స్మారకం రాకముందే, కొలంబో శివార్లలోని శ్రీజయవర్ధనపుర కోట్టెలో వీరికి స్మారకం వెలిసింది. అమరుల పేర్లు చెక్కిన ఆ కట్టడాన్ని 2008లో శ్రీలంక ప్రభుత్వమే నిర్మించింది. అక్కడ తొలి అధికారిక నివాళి 2010 ఆగస్టు 15న జరిగింది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో, స్వాతంత్ర్యానంతరం మరణించిన ఇతర సైనికులతో పాటు వీరి పేర్లనూ గ్రానైట్ ఇటుకలపై చెక్కారు. అప్పటికి, కొడుకు మరణవార్త అందుకున్న తల్లిదండ్రుల్లో చాలామంది ఢిల్లీ దాకా ప్రయాణం చేయగల వయసు దాటిపోయారు.